కార్యాలయం వెనుక మూడు రకూన్ పిల్లలు ఉన్నాయి, తల్లి జాడ లేదు: ఏం చేయడం సరైనది?

ప్రశ్న: గిడ్డంగి_ఉద్యోగి (సోమవారం, మధ్యాహ్నం)

మిత్రులందరికీ నమస్కారం. నేను న్యూజెర్సీలో ఒక గిడ్డంగిని ఆనుకుని ఉన్న కార్యాలయంలో పనిచేస్తున్నాను. ఈ ఉదయం ఏడున్నరకు లోడింగ్ డాక్ (ట్రక్కులకు సరుకు ఎక్కించి దించే అరుగు) మెట్ల కింద నుంచి పక్షుల కిచకిచలా మొదలై చంటిపిల్ల ఏడుపులా సాగే శబ్దం వినబడితే వంగి చూశాను. కళ్ళ చుట్టూ నల్లని పట్టీ, తోక మీద అప్పుడప్పుడే తేలుతున్న ఉంగరాలతో మూడు రకూన్ (పిల్లికంటే కాస్త పెద్దదైన అమెరికా అడవి జంతువు) పిల్లలు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. కళ్ళు పూర్తిగా తెరిచాయి, తూలుతూనైనా నాలుగడుగులు వేయగలుగుతున్నాయి. ఇప్పుడు మధ్యాహ్నం రెండయింది, తల్లి మాత్రం ఇంతవరకు కనబడలేదు.

అది ట్రక్కులు వెనక్కి వచ్చి ఆగే చోటు కాబట్టి ముందుగా సూపర్‌వైజర్‌తో మాట్లాడి ఆ ఒక్క బేను మూయించి, చుట్టూ కోన్లు పెట్టించాను. ఆ తరువాత ఏం చేయాలన్న విషయంలో మాలో ఏకాభిప్రాయం లేదు. ఒకరు పాలు పట్టిద్దామంటున్నారు. ఒకరు ఒకదాన్ని ఇంటికి తీసుకువెళ్ళి పెంచుకుంటానంటున్నారు. మరొకరు రకూన్ పగటిపూట కనిపించిందంటే రేబిస్ ఉన్నట్టేనని, వెంటనే ఎవరినైనా పిలిపించి చంపించాలని పట్టుబడుతున్నారు. నాకు వీటిలో ఏదీ సరైనదిగా తోచడం లేదు, అలాగని చూస్తూ ఊరుకోవడానికీ మనసు ఒప్పడం లేదు. తల్లి కోసం ఎంతసేపు ఎదురుచూడవచ్చు? ఈలోగా వాటికి ఏమైనా పెట్టాలా? ఎవరికి ఫోన్ చేయాలి?

ఇంకొక మాట కూడా చెప్పాలి. ఉదయం ఒక పిల్ల చక్రాల వైపు పాకుతూ పోతుంటే మా సహోద్యోగి ఒకరు చేత్తో పట్టుకుని అట్టపెట్టెలో వేశారు. అది ఆయన బొటనవేలు కొరికింది, కొద్దిగా రక్తం వచ్చింది. పాలపళ్ళే కదా అని ఆయన నీళ్ళతో కడుక్కుని మళ్ళీ పనిలోకి వెళ్ళారు. ఆ పిల్ల ఇంకా ఆ పెట్టెలోనే విడిగా ఉంది.

సమాధానం: పాతకాపు

మీరు ముందుగా ఆ బేను మూయించడం అన్నిటికంటే మంచి పని అయింది. నేను పనిచేసిన చోట వరుసగా రెండు వసంతాలు ఇదే చూశాను కనుక నాకు తెలిసినది చెబుతాను.

తల్లి కళ్ళబడనంత మాత్రాన ఆ పిల్లలు దిక్కులేనివని అనుకోనక్కరలేదు. రకూన్లు ఎక్కువగా మార్చి, మే నెలల మధ్య పిల్లలను పెడతాయి. గర్భం మోసేది సుమారు 63 రోజులు, ఒక ఈతలో మూడు నుంచి ఐదు పిల్లలు పుట్టడం మామూలు. పెంపకంలో మగదానికి ఏ భాగమూ ఉండదు. పాలిచ్చే తల్లి ఒక్కతే తన ఆకలినీ తీర్చుకోవాలి, పిల్లలనూ సాకాలి కాబట్టి రాత్రుళ్ళు తిరిగే జంతువే అయినా ఈ కాలంలో పగలు కూడా ఆహారం వెతుక్కుంటూ తిరుగుతుంది. అందుచేత పగలు కనిపించడం ఒక్కటే రేబిస్‌కు గుర్తు కాదని మీ సహోద్యోగికి చెప్పండి. తూలిపడటం, ఒకే చోట గుండ్రంగా తిరగడం, వెనుక కాళ్ళు ఈడ్చడం, రెచ్చగొట్టకుండానే మీదికి రావడం వంటివి కనిపిస్తే అనుమానించాలి. ఎనిమిది వారాలైనా నిండని పిల్లల తూలుడును మాత్రం ఈ లెక్కలో వేయకూడదు, అది వాటి వయసు.

తల్లికి సాధారణంగా ఒకటి కంటే ఎక్కువ గూళ్ళు తెలిసి ఉంటాయి. ఒక చోట అలజడి కలిగితే పిల్లలను మెడ వెనుక చర్మం పట్టి నోట కరచుకుని, ఒక్కొక్కదాన్నే మరొక చోటికి చేరుస్తుంది. ఆ పని మధ్యలో మనుషులు గుమిగూడితే చీకటిపడేదాకా దూరంగా పొంచి ఉంటుందే తప్ప దగ్గరికి రాదు. మనిషి వాసన తగిలిన పిల్లను తల్లి ముట్టదన్న మాట ఎంత ప్రచారంలో ఉన్నా అది నిజం కాదు. మా దగ్గర అటువంటి పిల్లనే తల్లి రాత్రి పదకొండు గంటలకు వచ్చి తీసుకుపోవడం కెమెరాలో చూశాము.

పిల్లలు అటూ ఇటూ పాకిపోకుండా, తల్లి వస్తే అడ్డు కాకుండా ఉండేందుకు తేలికైన ప్లాస్టిక్ బట్టల బుట్టను వాటి మీద బోర్లించవచ్చు. తల్లి ముందుకాళ్ళు చేతుల్లా పనిచేస్తాయి, ఆ బుట్టను అది సులువుగా తిప్పేస్తుంది కాబట్టి పైన బరువు పెట్టవద్దు. లోపల గోరువెచ్చని నీళ్ళ సీసాను తువ్వాలు చుట్టి పెట్టండి. సాయంత్రం అందరూ అక్కడి నుంచి తప్పుకుని, వీలైతే అటువైపు దీపాలు ఆర్పించి, ఒక పూర్తి రాత్రి అవకాశం ఇవ్వండి. డంప్‌స్టర్ (పెద్ద ఇనుప చెత్తతొట్టి) దగ్గరలోనే ఉంటే అందులోకి కూడా ఒకసారి తొంగి చూడండి. తల్లి లోపలికి దూకి నున్నని గోడలు ఎక్కలేక చిక్కుకుపోయి ఉండవచ్చు. అదే జరిగి ఉంటే ఒక పొడవాటి చెక్కను ఏటవాలుగా దించి మీరు పక్కకు వెళ్ళిపోతే చాలు, తనే ఎక్కి వస్తుంది.

సమాధానం: పశువైద్యురాలు

పై సమాధానంతో నాకు విభేదం లేదు. అయితే మీరు చివర ఒక్క పేరాలో చెప్పి వదిలేసిన సంగతి అన్నిటికంటే ముందు చూడవలసినది కాబట్టి దాని గురించే రాస్తున్నాను. దయచేసి ఇది చదివిన వెంటనే మీ సహోద్యోగిని పని ఆపించండి.

ఆయన ఆ గాయాన్ని సబ్బుతో, ధారగా పారే నీటి కింద 15 నిమిషాల పాటు కడగాలి. ఉదయం కడిగినా సరే, మళ్ళీ కడగాలి. తరువాత ఈరోజే ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్ళి రకూన్ కరిచిందని స్పష్టంగా చెప్పాలి. మీరు మీ ఊరి హెల్త్ డిపార్ట్‌మెంట్‌కు ఫోన్ చేసి కాటు గురించి తెలియజేయాలి. అమెరికా తూర్పు రాష్ట్రాలలో రకూన్ల మధ్యే వ్యాపించే రేబిస్ రకం ఒకటి స్థిరపడి ఉంది. అది న్యూజెర్సీకి 1989లో చేరింది. పాలపళ్ళు రక్తం తెప్పించాయంటే లాలాజలం లోపలికి వెళ్ళిందనే అర్థం. పిల్ల చురుకుగా, ఆరోగ్యంగా కనిపించడం కూడా భరోసా కాదు. రేబిస్ లక్షణాలు ఒకసారి మొదలైతే మనిషి బతకడం దాదాపు అసాధ్యం, అవి మొదలుకాక ముందే సరైన చికిత్స అందితే జబ్బు దాదాపుగా రాదు.

కుక్క కరిచినప్పుడు దాన్ని పది రోజులు కట్టేసి గమనించే పద్ధతి మనలో చాలామందికి తెలుసు. ఆ పద్ధతి కుక్కలకు, పిల్లులకు, ఫెరెట్లకు (ముంగిసను పోలిన చిన్న పెంపుడు జంతువులు) మాత్రమే వర్తిస్తుంది, ఎందుకంటే వాటి లాలాజలంలో వైరస్ కనిపించిన ఎన్ని రోజుల లోపల జబ్బు బయటపడుతుందో వైద్యశాస్త్రానికి తెలుసు. రకూన్ వంటి అడవి జంతువుల విషయంలో అటువంటి గడువు లేదు. వాటికి పరీక్ష చేయాలంటే మెదడు కణజాలమే కావాలి, అంటే ఆ జంతువును చంపక తప్పదు. అందుకే ఆ పెట్టెలోని పిల్లను ఎట్టి పరిస్థితిలోనూ మిగిలిన రెండింటిలో కలపవద్దు, వదిలిపెట్టవద్దు. ఏది కరిచిందో తెలియకుండా పోతే మూడింటినీ పరీక్షకు పంపవలసి వస్తుంది. పెట్టె మీద గుర్తు రాసి, గాలి ఆడేలా మూసి, ఎవరూ చేయి పెట్టకుండా చూడండి.

ఇది రాయడం నాకు సులువుగా లేదు. మీ సహోద్యోగి చక్రం కింద పడబోయిన ప్రాణిని కాపాడాలనుకున్నారు, ఆ తొందరలో ఎవరైనా అదే చేస్తారు. కానీ మందపాటి తోలు చేతితొడుగు వేసుకుని ఉన్నా, లేదా పెట్టెను అడ్డంగా పడుకోబెట్టి చీపురుతో మెల్లగా లోపలికి తోసి ఉన్నా ఈరోజు ఆ పిల్లకూ ఆయనకూ ఇద్దరికీ ఈ ఇబ్బంది ఉండేది కాదు. ఒట్టి చేత్తో ఎత్తుకోవడం మనిషికి ఎంత ప్రమాదమో ఆ పిల్లకు అంతకంటే ఎక్కువ ప్రమాదం. నా దగ్గరికి వచ్చేవారికి నేను ఏటా చెప్పే మాట ఇదే.

చికిత్స గురించి భయపడవద్దని ఆయనతో చెప్పండి. బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లన్న జ్ఞాపకం మన పెద్దవాళ్ళ నుంచి మనకు మిగిలిపోయింది కానీ ఇప్పుడు ఆ పద్ధతి లేదు. మొదటి రోజు గాయం లోపల, చుట్టూ ఇమ్యూనోగ్లోబులిన్ (వైరస్‌ను వెంటనే ఎదుర్కొనే సిద్ధమైన ప్రతిరక్షకాల మందు) ఇస్తారు. టీకా భుజానికి నాలుగు మోతాదులుగా వేస్తారు: మొదటి రోజు ఒకటి, ఆ తరువాత 3, 7, 14 రోజులకు ఒక్కొక్కటి. ఆయన గతంలో కుక్కకాటుకు ఆధునిక టీకా పూర్తిగా వేయించుకుని, దాని రికార్డు ఉంటే ఆ సంగతి డాక్టర్‌కు తప్పక చెప్పాలి. అటువంటివారికి ఇమ్యూనోగ్లోబులిన్ అవసరం లేకుండా రెండు మోతాదులు సరిపోతాయి. పిల్లకు రేబిస్ లేదని పరీక్షలో తేలితే మిగిలిన మోతాదులు ఆపేయవచ్చు.

సమాధానం: వారాంతపు_సేవకురాలు

నేను ఆరేళ్ళుగా లైసెన్సు ఉన్న ఒక వన్యప్రాణి పునరావాస కేంద్రంలో వారాంతాల్లో సేవ చేస్తున్నాను. తల్లి కోసం ఎదురుచూసే ముందు మీరు తప్పనిసరిగా తెలుసుకోవలసినది ఒకటి ఉంది. ఈ నాలుగైదు రోజుల్లో మీ భవనంలో ఎవరైనా రంధ్రం మూయించారా, లేక బోను పెట్టించారా? ఆ వయసు పిల్లలు మామూలుగా తల్లి లేనప్పుడు గూడు దాటవు, గట్టిగా అరవవు. మూడూ కలిసి పట్టపగలు ఏడుస్తూ బయటికి వచ్చాయంటే అవి చాలాసేపటి నుంచి ఆకలితో ఉన్నాయని నాకు అనిపిస్తోంది. భవన నిర్వహణ చూసేవారిని ఇప్పుడే అడగండి, ఎందుకంటే తల్లిని ఎవరో పట్టుకుపోయి ఉంటే బుట్ట బోర్లించి రాత్రంతా చూసినా ప్రయోజనం ఉండదు, ఆ రాత్రి కూడా పిల్లలు పస్తుంటాయి.

పాలు మాత్రం పట్టవద్దు. ఆవుపాలు వాటికి విరేచనాలు కలిగిస్తాయి, అప్పటికే నీరసించిన పిల్లకు ఆ నీటి నష్టం ప్రాణాంతకం. పైగా చంటిబిడ్డను పడుకోబెట్టినట్టు వెల్లకిలా పట్టుకుని పోస్తే పాలు ఊపిరితిత్తుల్లోకి వెళతాయి. మా కేంద్రానికి చేరి బతకని పిల్లల్లో కొన్ని ఇలా ప్రేమతో పాలు పట్టించుకున్నవే. చల్లబడిన పిల్లకు ఆహారం కంటే ముందు వెచ్చదనం కావాలి.

ఇంటికి తీసుకువెళతానన్న మిత్రునికి చాలా రాష్ట్రాల్లో అనుమతి లేకుండా రకూన్‌ను ఉంచుకోవడం నేరమని చెప్పండి. చట్టం సంగతి అలా ఉంచినా, ఏడాది తిరిగేసరికి అది కరిచే, గోళ్ళతో చీల్చే పెద్ద జంతువు అవుతుంది. 1926లో అమెరికా అధ్యక్షుడు కూలిడ్జ్‌కు థాంక్స్‌గివింగ్ విందు కోసం మిసిసిపీ నుంచి ఒక రకూన్‌ను పంపితే, ఆ కుటుంబం దానికి రెబెక్కా అని పేరు పెట్టి వైట్‌హౌస్‌లో పెంచుకుంది. అన్ని వసతులూ ఉన్న ఆ రెబెక్కా కూడా చివరికి జంతు ప్రదర్శనశాలకే చేరింది.

లైసెన్సు ఉన్న రీహాబ్ (పునరావాస) కేంద్రాల జాబితా రాష్ట్ర ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ వెబ్‌సైటులో దొరుకుతుంది. రకూన్లను తీసుకునే కేంద్రాలు తక్కువ కాబట్టి ఒకరు కాదంటే నిరాశపడకుండా జాబితాలో తరువాతివారికి ఫోన్ చేయండి.

గిడ్డంగి_ఉద్యోగి (సోమవారం, సాయంత్రం)

మీ అందరికీ ఎంతో కృతజ్ఞతలు. సహోద్యోగి ఆసుపత్రికి వెళ్ళారు, హెల్త్ డిపార్ట్‌మెంట్‌కు ఫోన్ చేశాను. సేవకురాలు గారూ, మీరు అడిగినదే జరిగింది. పైకప్పు అంచున ఉన్న ఖాళీలో ఏదో చప్పుడవుతోందని మా భవన నిర్వాహకులు గత శుక్రవారం ఒక సంస్థను పిలిపించి బోను పెట్టించారట. శనివారం ఉదయం పెద్ద రకూన్ ఒకటి పడిందని, వాళ్ళు తీసుకుపోయారని ఇప్పుడు చెప్పారు. లోపల పిల్లలు ఉన్నాయేమోనని ఎవరూ చూడలేదు. తల్లిని తెచ్చి ఇక్కడే వదలమని అడిగాను, ఆ అవకాశం లేదన్నారు. నేను అంతకంటే అడగలేకపోయాను. శనివారం నుంచి అంటే ఆ పిల్లలు రెండు రోజులుగా ఏమీ తాగలేదు.

సమాధానం: వారాంతపు_సేవకురాలు

అయితే ఎదురుచూడవద్దు. పెట్టెలోని పిల్ల హెల్త్ డిపార్ట్‌మెంట్ చెప్పినట్టే వెళ్ళాలి, దాన్ని మేము కూడా తీసుకోలేము. మిగిలిన రెండింటినీ తోలు చేతితొడుగులతో, మందపాటి తువ్వాలులో చుట్టి వేరొక పెట్టెలో పెట్టి, పెట్టె కింద ఒక సగానికి మాత్రమే వేడినీళ్ళ సీసా ఉంచండి, వేడి ఎక్కువైతే అవి రెండో సగానికి జరగగలగాలి. చీకటిగా, నిశ్శబ్దంగా ఉన్న గదిలో ఉంచి రీహాబ్ వారికి అప్పగించండి. ఆ ఖాళీలో ఇంకొక పిల్ల మిగిలి ఉందేమో టార్చి వేసి చూడకుండా మాత్రం ఎవరినీ మూయనివ్వకండి.

మీ నిర్వాహకులకు ఒక మాట చేరవేయండి. పిల్లల కాలంలో బోను కంటే తేలికైన దారి ఉంది: గూటి దగ్గర రెండు మూడు రోజులు దీపం, రేడియో పెట్టి ఉంచితే చాలాసార్లు తల్లే పిల్లలను తీసుకుని వేరే గూటికి పోతుంది. ఇక పట్టిన రకూన్‌ను ఊరు దాటించి వదలడం కరుణగా కనిపించినా చాలా రాష్ట్రాలు దాన్ని నిషేధించాయి. 1970ల చివర వెస్ట్ వర్జీనియా, వర్జీనియా ప్రాంతంలో రకూన్ రేబిస్ ఒక్కసారిగా తలెత్తింది వేట కోసం ఆగ్నేయ రాష్ట్రాల నుంచి తరలించిన రకూన్ల వల్లే. పశువైద్యురాలు గారు చెప్పిన 1989 సంగతి దాని కొనసాగింపే.

వీలుంటే ఆ పైకప్పు మీద, మెట్ల కింద మలం కుప్పగా ఉందేమో చూడండి, రకూన్లు ఒకే చోటును మరుగుదొడ్డిగా వాడుకుంటాయి. అందులో బేలిసాస్కారిస్ అనే ఏలికపాము గుడ్లు ఉండవచ్చు. పొరపాటున మనిషి నోట్లోకి పోతే దాని డింభకాలు (గుడ్ల నుంచి వచ్చే పిల్ల పురుగులు) మెదడు వరకు చేరగలవు. తాజా మలంలోని గుడ్లకు సోకే శక్తి రావడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది కాబట్టి త్వరగా తీసేయడమే మేలు. బ్లీచ్‌కు ఆ గుడ్లు చావవు. చేతితొడుగులు, మాస్కు వేసుకుని, దుమ్ము లేవకుండా తడిపి ఎత్తి సంచిలో మూటకట్టాక ఆ చోట మరిగే నీళ్ళు పోయించండి.

గిడ్డంగి_ఉద్యోగి (శుక్రవారం)

ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి. సోమవారం సాయంత్రం జంతు నియంత్రణ అధికారి వచ్చి గుర్తు రాసిన పెట్టెను తీసుకువెళ్ళారు. రాత్రి ఎనిమిదింటికి రీహాబ్ కేంద్రం నుంచి వచ్చినవారికి మిగిలిన రెండు పిల్లలను అప్పగించాము. వాళ్ళు నిచ్చెన ఎక్కి ఖాళీ అంతా టార్చితో వెతికి, కాసేపు చెవి ఒగ్గి విని, ఇంకేమీ లేదని నిర్ధారించారు. రెండింటిలో చిన్నది బాగా నీరసించి ఉందని, ముందు నీటి లోటు తీర్చే ద్రవం మాత్రమే ఇస్తున్నామని ఆ రాత్రి చెప్పారు. నిన్న ఫోన్ చేస్తే రెండూ సీసా పట్టి తాగుతున్నాయని, అదే వయసున్న మరికొన్ని పిల్లలతో కలిపారని, శరదృతువులో వదులుతారని తెలిసింది.

నిన్న మధ్యాహ్నం పరీక్ష ఫలితం వచ్చింది. మూడో పిల్లకు రేబిస్ లేదు. సహోద్యోగికి రెండు మోతాదులు పూర్తయ్యాయి, మిగిలినవి అవసరం లేదని డాక్టర్ ఆపేశారు. ఫలితం చెప్పగానే ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తరువాత మిగిలిన రెండూ ఎలా ఉన్నాయని మాత్రం అడిగారు. నేనే ఆ సమయంలో ఒక చేతితొడుగు వెతికి ఇచ్చి ఉంటే అన్న ఆలోచన నన్ను కూడా వదలడం లేదు. ఇప్పుడు డాక్ తలుపు పక్కన గోడకు మేకు కొట్టి రెండు జతల తోలు చేతితొడుగులు వేలాడదీశాము.

మార్చి నుంచి ఆగస్టు వరకు పిల్లలు ఉన్నాయో లేదో చూడకుండా బోను పెట్టించబోమని నిర్వాహకులు రాతపూర్వకంగా ఒప్పుకున్నారు. రీహాబ్ వారు చెప్పినట్టు లోపలికి ఇంకా ఏదైనా వస్తూ పోతూ ఉందేమో తెలిసేలా సోమవారం రాత్రి ఆ ఖాళీలో వార్తాపత్రికలు నలిపి కూరి, ప్రతి ఉదయం నేనే వెళ్ళి చూశాను. నాలుగు రాత్రులూ కాగితం కదలలేదు. ఈ ఉదయం ఇనుప జాలి బిగించారు.